పిలోనిడల్ సైనస్: లేజరా, ఫ్లాపా అనే ముందు గుంటలు లెక్కపెట్టించుకోండి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. హనుమకొండ సుబేదారిలో గది తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్న 22 ఏళ్ల యువకుడు. మూడు నెలల కింద తోక ఎముక మీద గడ్డ లేస్తే కోసి చీము తీశారు. ఇప్పుడు పిరుదుల మధ్య చీలికలో రెండు సన్నని బొక్కలు, ఎడమ పక్కన ఇంకో బొక్క ఉన్నాయి. అప్పుడప్పుడు నెత్తురు కలిసిన నీరు వచ్చి బట్టలకు అంటుతోంది. ఒక డాక్టరు ఫ్లాప్ ఆపరేషన్ (సైనస్‌ను కోసి తీసేసి, పక్క చర్మాన్ని జరిపి ఆ చోటును కప్పడం) అన్నారు, ఇంకొకరు లేజర్ అన్నారు, మరొకరు క్షారసూత్రం (ఆయుర్వేదంలో వాడే మందు దారం) అన్నారు. ఏది చేయించుకోవాలి, పరుగు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు అన్నది ప్రశ్న.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది మొదటిసారి వచ్చిన, పెద్దగా పాకని పిలోనిడల్ సైనస్, అంటే పిరుదుల చీలికలో వెంట్రుకలు చర్మంలోకి దిగి పడే చీము దారి. దీనికి పెద్ద కోత అవసరం పడకపోవచ్చు. అయితే చిన్న వైద్యం అనగానే అందరూ లేజర్ అనే అనుకుంటున్నారు, అది సరికాదు. చిన్న వైద్యానికి ప్రాణం మూడు పనుల్లో ఉంది: చీలిక మధ్యగీత మీది గుంటలన్నీ (ఆ సన్నని బొక్కలు) తీసేయాలి, లోపలి వెంట్రుకల్ని ఒక్కటి మిగలకుండా లాగేయాలి, కొత్త వెంట్రుక మళ్లీ దూరకుండా చూడాలి. ఈ మూడూ జరిగితే ఏ పరికరంతో చేసినా చాలామందికి మానుతుంది. ఇవి జరగకుండా ఎంత ఖరీదైన లేజర్ ఫైబర్ పెట్టినా ఆరు నెలల్లో మళ్లీ కారుతుంది.

ముందు జబ్బు సంగతి అర్థం కావాలి. ఇది పుట్టుకతో వచ్చేదని పాత రోజుల్లో అనుకునేవాళ్లు, ఇంకా కొందరు అలాగే చెబుతున్నారు. ఎక్కువమందిలో ఇది తర్వాత వచ్చేదే. రాలిన వెంట్రుక పిరుదుల చీలికలోకి చేరుతుంది. కూర్చుని లేచేటప్పుడు, నడిచేటప్పుడు కలిగే రాపిడికి అది చర్మంలోకి దిగుతుంది. వెంట్రుక మీద ఒకే దిక్కుకు వాలిన సన్నని పొలుసులు ఉంటాయి. కంకిని చొక్కా చేతిలో దూర్చితే పైకే పాకుతుంది తప్ప కిందికి జారదు కదా, వెంట్రుకా అంతే, లోపలికే పోతుంది. గ్రీకు సర్జన్ కరిడాకిస్ దీనికి మూడు కారణాలు లెక్కగట్టాడు: రాలే వెంట్రుక, దాన్ని నెట్టే రాపిడి, దెబ్బతినే చర్మం. లోతైన, చెమట పట్టే చీలికలో ఈ మూడూ ఒకచోట కలుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇది దాదాపు 80 వేల మంది అమెరికా సైనికుల్ని ఆసుపత్రుల పాలు చేసింది. ఎగుడుదిగుడు దారుల్లో జీపుల మీద తిరిగేవాళ్లు కాబట్టి జీపు జబ్బు అనే పేరు పడింది. మన దగ్గర భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టుల్లో డంపర్ నడిపేవాళ్లకు, ట్రాక్టర్, లారీ డ్రైవర్లకు, రోజుకు పది పన్నెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చదివేవాళ్లకు ఉండే ముప్పు కూడా అలాంటిదే.

దూరే వెంట్రుక అక్కడిదే అయి ఉండాలని లేదు. జర్మనీలో సైనస్ లోపలి వెంట్రుకల్ని పరీక్షిస్తే వాటిలో చాలావరకు తల వెనుక భాగం నుంచి రాలిన పొట్టి ముక్కలే అని తేలింది. కటింగ్ అయ్యాక మెడ మీద మిగిలిన తుంపులు చెమటతో పాటు వీపు మీదుగా కిందికి జారతాయి. కాబట్టి కటింగ్ షాపు నుంచి నేరుగా గదికి పోయి, ఆ చొక్కా విడిచి, తలస్నానం చేయాలి. వీపు, చీలిక సబ్బుతో కడుక్కోవాలి. సాయంత్రం చేద్దాంలే అనుకోవద్దు. ఖర్చులేని ఈ పని గురించి మందుల చీటీల మీద ఎవరూ రాయరు, కానీ రాయాలి.

ఇక గుంటల సంగతి. చీలిక మధ్యగీత మీద సూది మొన నుంచి ఆవగింజ దాకా ఉండే రంధ్రాలే అసలు తలుపులు. పక్కన చీము కారే బొక్క లోపలి చీము తోసుకుని బయటికి వచ్చిన దారి మాత్రమే. రోగికి కనిపించేది, బాధపెట్టేది పక్క బొక్కే. అందుకని దాన్ని మాత్రమే గీకి వదిలేసే వైద్యం చాలా జరుగుతోంది. మీకు మధ్యలో రెండు ఉన్నాయన్నారు. బోర్లా పడుకోబెట్టి, పిరుదుల్ని రెండు వైపులా ప్లాస్టర్‌తో లాగి, మంచి వెలుతురులో చూస్తే మూడో నాలుగో బయటపడొచ్చు. మీ సర్జన్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: గుంటలు ఎన్ని ఉన్నాయి, అన్నిటికంటే కిందిది మలద్వారానికి ఎంత దూరంలో ఉంది?

ఆ దూరం ఎందుకు ముఖ్యమంటే, మలద్వారానికి దగ్గరగా బొక్క ఉంటే అది భగందరం (మలద్వారం లోపలి నుంచి బయటి చర్మానికి పడే దారి, ఫిస్టులా) కావచ్చు. అప్పుడు వేలితో పరీక్ష, అనుమానం తీరకపోతే ఎంఆర్ఐ అవసరం. మామూలు సైనస్‌కు ఎంఆర్ఐ అక్కర్లేదు. చంకల్లో, గజ్జల్లో కూడా ఇలాంటి గడ్డలు మళ్లీ మళ్లీ వస్తుంటే అది హైడ్రాడెనైటిస్ అనే వేరే చర్మవ్యాధి. వెంట్రుక కనబడకుండా నెలల తరబడి పల్చటి నీరు కారుతుంటే, బరువు తగ్గుతుంటే టీబీని కూడా మరిచిపోకూడదు. తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపమని చెప్పండి.

పిట్ పికింగ్ (గుంటల్ని ఒక్కొక్కటిగా తీసేయడం) అనే పద్ధతిని వివరంగా చెప్తాను, ఎందుకంటే మీలాంటివారికి నేను మొదట సూచించేది ఇదే. అమెరికాలో ఒరెగాన్ సర్జన్ జాన్ బాస్కమ్ 1980లో రాసిన పద్ధతికి ఇది మూలం. ఇజ్రాయెల్‌లో గిప్స్ బృందం దీన్ని గుండ్రటి పంచ్ బ్లేడ్లతో చేసి, 1,358 మంది ఫలితాల్ని 2008లో ప్రకటించింది.

చీలికను క్లిప్పర్‌తో శుభ్రం చేస్తారు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్‌తో ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా చేస్తారు. దీని హద్దు కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందైతే 21 మిల్లీలీటర్లు. సెలైన్ కలిపి పల్చన చేస్తే అదే మందు ఎక్కువ చోటుకు సరిపోతుంది, సూది మంట కూడా తగ్గుతుంది. వెన్నుకు మత్తు ఇవ్వడం మన దగ్గర అలవాటుగా మారింది. రెండు మూడు గుంటలకు అది అవసరం లేదు. మనిషి బాగా భయపడుతున్నా, వెంట్రుకలు, చీము చేరిన లోపలి సంచి పెద్దదైనా ఇవ్వొచ్చు.

తర్వాత ఒక్కో గుంటను దాని చుట్టూ మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో చర్మంతో కలిపి పంచ్‌తో గుండ్రంగా తీస్తారు. బియ్యపు గింజంత ముక్క వస్తుంది. చిన్న గుంటకు 2 నుంచి 4 మిల్లీమీటర్ల పంచ్ సరిపోతుంది, వెడల్పైన వాటికి పెద్దది వాడతారు. పక్క బొక్కను కూడా పంచ్‌తో వెడల్పు చేస్తారు, లేదా మధ్యగీతకు దూరంగా ఒకటి రెండు సెంటీమీటర్ల కోత పెడతారు. అక్కడి నుంచి సన్నని ఆర్టరీ ఫోర్సెప్స్ దూర్చి వెంట్రుకల కట్టను లాగుతారు. క్యూరెట్‌తో లోపలి పొరను గీకుతారు, సెలైన్‌తో కడుగుతారు, మళ్లీ వెతుకుతారు. ఈ చివరి వెతుకులాటే అసలు పని. మొదటి లాగుడుకు పెద్ద కట్ట వస్తుంది, మూలల్లో నాలుగైదు పోగులు దాక్కుంటాయి. కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. బయటికి దారి లేని సంచిలోకి దాన్ని ఒత్తిడితో ఎక్కించకూడదు, గ్యాస్ నెత్తురులోకి పోయే ప్రమాదం ఉంది. లోపల గుడ్డ కుక్కరు, కుట్లు వేయరు, పైన గాజుగుడ్డ పెడతారు. మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట. అదే రోజు ఇంటికి పోవచ్చు.

గిప్స్ లెక్కల్లో ఏడాదిలోపు మళ్లీ వచ్చినవారు 6.5 శాతం, పదేళ్లకు 16.2 శాతం. ఫ్లాప్ ఆపరేషన్ తర్వాత ఇంకా తక్కువమందికే తిరగబడుతుంది, ఇది దాచాల్సిన విషయం కాదు. మరి చిన్నది ఎందుకు ఎంచుకోవాలంటే, అది తిరగబడినా పోయేది పెద్దగా ఏమీ ఉండదు. చర్మం చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి మళ్లీ అదే చేయొచ్చు, లేదా అప్పుడు ఫ్లాప్‌కు పోవచ్చు. పైగా ఈ జబ్బు పదిహేను నుంచి ముప్పై ఏళ్ల మధ్య విజృంభించి, నలభై దాటాక అరుదైపోతుంది. నెమ్మదించే జబ్బుకు మొదటి అడుగులోనే అరచేయంత మాంసం తీయడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు లేజర్. 1470 నానోమీటర్ల డయోడ్ లేజర్‌ను చుట్టూ వెలుగు చిమ్మే రేడియల్ ఫైబర్‌తో దారిలోకి పంపి, 10 వాట్ల చుట్టుపక్కల శక్తితో, సెకనుకు మిల్లీమీటరు చొప్పున వెనక్కి లాగుతారు. ఆ వేడికి దారి గోడలు ముడుచుకుని మూసుకుపోతాయి. సన్నని, తిన్నని దారికి ఇది బాగుంటుంది. కానీ లేజర్ గుంటల్ని తీయదు, వెంట్రుకల్నీ లాగదు. ఆ రెండూ ముందే చేతితో చేయాలి. అంటే లేజర్‌లో సగం పని పిట్ పికింగే. వెంట్రుకలు లోపలే ఉండగా కాలిస్తే బొగ్గైన ముక్కలు మిగిలి చీము పడుతుంది. ఫైబర్ కొనను చర్మం దగ్గరికి వచ్చేదాకా మండిస్తే అంచు కాలి, ఆ పుండు నెలల కొద్దీ మానదు. వెడల్పైన సంచిలో వేడి గోడలకు సరిగా తగలదు. ఫైబర్ ఒక్కసారికే వాడాల్సింది కాబట్టి బిల్లు పెరుగుతుంది, దాని ధర విడిగా రాసివ్వమనండి. వరంగల్, కరీంనగర్‌లలో గోడల మీద 'కోత లేదు, కుట్లు లేవు, లేజర్' అని కనిపిస్తే, గుంటల్ని ఏం చేస్తారని అడగండి. పంచ్‌తో తీస్తామంటే నమ్మొచ్చు.

ఎపిసిట్ అనేది ఎండోస్కోపీ పద్ధతి, ఇటలీ సర్జన్ మెయినేరో తెచ్చాడు. అర సెంటీమీటరు రంధ్రంలోంచి ఫిస్టులోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం పంపి, లోపలి భాగాన్ని తెర మీద చూస్తూ వెంట్రుకలు లాగి, గోడల్ని ఎలక్ట్రోడ్‌తో కాలుస్తారు. పక్కదారులు కళ్లకు కనబడటం దీని గొప్ప మేలు. పరికరం, చేయి తిరిగినవాళ్లు ఉన్నచోటే కుదురుతుంది.

ఫినాల్ అనే రసాయనంతో కాల్చడం చౌకైన దారి, టర్కీలో బాగా వాడారు. గుంటలు కొద్దిగా వెడల్పు చేసి, వెంట్రుకలు తీసి, చుట్టూ చర్మానికి మందంగా వాజెలిన్ లాంటి పూత పట్టించి, స్ఫటికాల రూపంలోని ఫినాల్‌ను సంచిలో నింపుతారు. ఒంటి వేడికే అది కరుగుతుంది. రెండు మూడు నిమిషాలుంచి పిండేస్తారు, కొన్ని వారాల తర్వాత అవసరమైతే మళ్లీ పెడతారు. పూత జారిన చోటల్లా చర్మం తెల్లగా కాలిపోతుంది. ఎక్కువ మోతాదు నెత్తురులోకి పోతే గుండె లయ తప్పుతుంది. చీము ఉన్నప్పుడు, గర్భిణులకు పెట్టరు. అలవాటు లేని చేతుల్లో వద్దు.

క్షారసూత్రం గురించి సూటిగా చెప్పాలి. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు 21 సార్లు పట్టించిన నార దారం అది. దాన్ని వారం వారం మారుస్తూ పోతే దారిని నెమ్మదిగా కోసుకుంటూ మాన్పుతుంది. భగందరంలో దీని విలువ పెద్దది, ఎందుకంటే అక్కడ మలాన్ని ఆపే కండరాన్ని కాపాడుకోవాలి. పిలోనిడల్ సైనస్‌లో అలా కాపాడాల్సిన కండరం లేదు. అందుకే ఆ ప్రధాన లాభం ఇక్కడ వర్తించదు. పైగా గుంట నుంచి గుంటకు దారం వేస్తే కోత సరిగ్గా మధ్యగీత మీదే పడుతుంది, గాయం మానడానికి అన్నిటికంటే చెడ్డ చోటు అది. వేయించుకునేట్టయితే పొట్టి దారికి, వెంట్రుకలు తీసిన తర్వాత, అర్హత ఉన్న ఆయుర్వేద శల్యవైద్యుల దగ్గరే వేయించుకోండి.

ఏది ఒప్పుకున్నా ఒకటి మాత్రం ఒప్పుకోవద్దు: మొత్తం కోసి తీసేసి మధ్యగీత మీదే కుట్లు వేయడం. చూడటానికి నీటుగా ఉంటుంది, కానీ కుట్ల గీత చెమట, రాపిడి ఉండే చీలిక అడుగునే ఉంటుంది కాబట్టి విచ్చుకోవడం, తిరగబెట్టడం ఎక్కువ. ఇది పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం. కుట్లు వేయాల్సివస్తే గీత పక్కకు జరగాలి.

పెద్ద ఆపరేషన్ నిజంగా అవసరమయ్యేవాళ్లు ఉన్నారు. రెండు వైపులా అనేక బొక్కలు ఉన్నవారు, మూడు నాలుగుసార్లు తిరగబెట్టినవారు, పాత కోత మానకుండా మధ్యలో పుండుగా మిగిలినవారు. వీళ్లకు లింబర్గ్ ఫ్లాప్, కరిడాకిస్, బాస్కమ్ క్లెఫ్ట్ లిఫ్ట్ అనే ఆపరేషన్లు సరైనవి. చివరి రెండూ చీలికను పైకి తెచ్చి లోతు తగ్గిస్తాయి, గీతను పక్కకు మారుస్తాయి. వరంగల్ ఎంజీఎం లాంటి బోధనాసుపత్రిలో ఇది జనరల్ సర్జరీ విభాగం పనే. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చేరేముందే ఆరోగ్యమిత్రతో మాట్లాడి, మీకు రాసిన ఆపరేషన్ పేరు ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో తేల్చుకోండి.

ఇప్పుడు గడ్డ మళ్లీ లేస్తే ఇవేవీ ఆ రోజు చేయకూడదు. వాచి, నొప్పితో కూర్చోలేకపోతే మధ్యగీతకు ఒకటి రెండు సెంటీమీటర్ల పక్కన కోసి చీము తీయాలి, అంతే. ఆర్ఎంపీ దగ్గర ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించుకుని అణచిపెడితే చీము లోపల పాకుతుంది, ఒక దారి మూడు దారులవుతుంది. వాపు తగ్గి చర్మం మెత్తబడ్డాక, సుమారు ఆరు వారాలకు అసలు వైద్యం. మీకు మూడు నెలలు గడిచాయి కాబట్టి ఇది సరైన సమయమే. ఇంకో మాట, ఏ బాధా లేకుండా గుంటలు మాత్రమే కనబడినవాళ్లు ఏ ఆపరేషనూ చేయించుకోనక్కర్లేదు, శుభ్రత, వెంట్రుకల సంగతి చూసుకుంటే చాలు.

పిట్ పికింగ్ తర్వాత మొదటి రెండు రోజులు కొద్దిగా నెత్తురు కారుతుంది. కారితే గాజుగుడ్డ మడిచి పెట్టి, గట్టి చోట కూర్చుని పది నిమిషాలు ఒత్తండి. మర్నాటి నుంచి రోజుకు రెండుసార్లు, మలవిసర్జన అయ్యాక ఇంకోసారి, హ్యాండ్ షవర్ లేదా మగ్గుతో ధారగా నీళ్లు పోసి కడగాలి. మెత్తటి బట్టతో అద్ది, చీలికలో ఎండు గాజుగుడ్డ ఒక పొర పెట్టాలి. పసుపు, బూడిద, పొడి మందులు వద్దు. బెటాడిన్ రోజూ పోయడం కూడా వద్దు, కొత్తగా పుట్టే కణజాలాన్ని అది దెబ్బతీస్తుంది. రంధ్రంలో గుడ్డ గట్టిగా కుక్కే డ్రెస్సింగ్ వద్దని చెప్పండి, నొప్పి తప్ప లాభం లేదు. మామూలుగా మూడు నాలుగు వారాల్లో మానుతుంది.

వారానికోసారి సర్జన్ చూడాలి. చూడాల్సింది రెండు విషయాలు. పై చర్మం ముందే మూసుకుని లోపల ఖాళీ మిగిలితే మళ్లీ గడ్డ అవుతుంది, ఆ అంచును తెరవాలి. ఎర్రగా, మెత్తగా కండ పైకి పొంగి, ముట్టుకుంటే నెత్తురు వస్తుంటే సిల్వర్ నైట్రేట్ తగిలిస్తే అణుగుతుంది. పుండు అంచు నుంచి రెండు సెంటీమీటర్ల దాకా వెంట్రుకల్ని పది రోజులకోసారి క్లిప్పర్‌తో కత్తిరించాలి. కత్తిరించిన వెంటనే కడగాలి, లేకపోతే ఆ తుంపులే గాయంలో పడతాయి. పొగ తాగితే మానండి, షుగర్ పరీక్ష ఒకటి చేయించండి.

మానాక ఇంట్లో రేజర్‌తో గీసుకోవడం మంచిదనుకుంటారు. దీర్ఘకాలంలో రేజర్ వాడినవారికే ఎక్కువగా తిరగబెట్టినట్టు తేలింది, కాబట్టి వద్దు. వెంట్రుకల్ని తగ్గించే లేజర్ మాత్రం పనికొస్తుంది. ఇది సైనస్‌ను కాల్చే లేజర్ కాదు, చర్మవ్యాధి క్లినిక్‌లో పైపైన చేసేది. రెండింటినీ కలిపి చెప్పేవాళ్లున్నారు, జాగ్రత్త. అమెరికాలో 11 నుంచి 21 ఏళ్ల 302 మందిపై జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, దీన్ని మామూలు జాగ్రత్తలకు జోడిస్తే ఏడాదిలో తిరగబెట్టింది సుమారు 10 శాతానికి, జోడించకపోతే 33 శాతానికి పైగా. మన చామనఛాయ, నల్లటి చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ భద్రమైనది. డయోడ్ అయితే చల్లబరిచే కొన ఉండాలి, శక్తి తక్కువతో మొదలుపెట్టాలి, లేదంటే కాలి మచ్చలు పడతాయి. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఐదారు విడతలు పడుతుంది. నెల ముందు నుంచి వ్యాక్సింగ్ వద్దు, వేరు ఉంటేనే లేజర్ పట్టుకుంటుంది.

మీ పరుగు గురించి. పిట్ పికింగ్ అయితే నడక అదే రోజు, కూర్చుని చదవడం రెండు మూడు రోజుల్లో. ప్రతి నలభై నిమిషాలకు లేచి నడవండి. బైకు రెండు వారాలు వద్దు. 1600 మీటర్ల పరుగు సాధన గాయం ఎండిన తర్వాతే, అంటే మూడు నాలుగు వారాలకు. లాంగ్ జంప్‌కు ఇంకో రెండు వారాలు ఆగండి, దూకి కూలబడితే లేత చర్మం చిట్లుతుంది. జేఎన్‌ఎస్ మైదానంలో సాధన చేసి చెమట బట్టలతోనే గంటలు గడపకుండా వెంటనే స్నానం చేయండి, కాటన్ లోబట్టలు వాడండి. అదే ఫ్లాప్ అయితే డ్రెయిన్ పైపు కొన్ని రోజులు, కుట్లు తీసేది రెండు వారాలకు, పరుగు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత. ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) తేదీ దగ్గర్లో ఉండి, ఇప్పుడు చీము లేకపోతే, శుభ్రత పాటిస్తూ ఈవెంట్స్ ముగించుకుని ఆ తర్వాత చేయించుకున్నా నష్టం లేదు.

జ్వరం, చలి, చుట్టూ ఎర్రదనం పాకడం, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే అదే రోజు చూపించుకోండి. ఎనిమిది వారాలు దాటినా కారుతూనే ఉంటే ఇంకా డ్రెస్సింగులతో సాగదీయొద్దు. తప్పిపోయిన గుంటో, మిగిలిన వెంట్రుకో ఉన్నట్టే. మొదటిసారి అలా జరిగితే మళ్లీ పిట్ పికింగ్ చేయించుకోవచ్చు, రెండోసారీ ఆగకపోతే అప్పుడు క్లెఫ్ట్ లిఫ్ట్ లేదా కరిడాకిస్ బాగా చేసే సర్జన్ దగ్గరికి పోండి.